చేతిపనిలో విజ్ఞానం: గ్లైడరు రెక్క



చేతిపని తరగతి వలన చదువుకు నష్టమని భావించేవారి కొరకు, రేడియో సంకేతాలతో నడిచే నమూనా గ్లైడరు రెక్కను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. ఇంజను లేని ఆ విమానానికి రెక్కయే ప్రాణం. అది తేలికగాను, దృఢంగాను ఉండవలెను.

థర్మోకోల్ దిమ్మెను వేడి తీగతో రెక్క ఆకృతిలో కోస్తారు. దానిపై గాజునార వస్త్రాన్ని పరచి ఎపాక్సీ జిగురుతో తడుపుతారు. పాలియెస్టర్ రెజిన్ వాడితే థర్మోకోల్ కరిగిపోతుంది. పిమ్మట ప్లాస్టిక్ సంచిలో ఉంచి గాలిని తోడివేస్తే, బయటి వాయుపీడనమే పొరలను సమంగా అదిమి ఉంచుతుంది.

ఎగిరేటప్పుడు రెక్క పైకి వంగుతుంది. పై పొర నొక్కుకుంటుంది. క్రింది పొర సాగుతుంది. నడుమనున్న థర్మోకోల్ ఆ రెండింటినీ ఎడంగా నిలిపి, ముడతపడనీయదు. విడిగా బలహీనమైనవే కలిసి భారాన్ని మోస్తాయి.

మనిషి నడిపే గ్లైడర్లలో గాజునారతో నిర్మితమైన మొదటిది ‘ఫీనిక్స్’. జర్మనీలోని స్టుట్‌గార్ట్ విద్యార్థి బృందంలో రూపుదిద్దుకొన్న అది 1957లో ఎగిరింది. అందులో పొరల నడుమ బాల్సా కర్ర ఉండెను.

ఇట్టి పని చేసిన బిడ్డ వాయుపీడనమును గూర్చి కంఠస్థం చేయనక్కరలేదు. తన మాతృభాషలో, తన మాటలలో వివరించగలడు. కనుక తల్లిదండ్రులారా, వారానికి ఒక్క గంటను మార్కుల కొరకు తొలగించుమని కోరవద్దు. ఎపాక్సీ పనికి చేతితొడుగులు, గాలి ఆడే గది, పెద్దల పర్యవేక్షణ అవసరం. పూర్వ విద్యార్థులారా, ఆ గంటలో వచ్చి పిల్లల ప్రక్కన నిలువుడు. పాఠశాలకు మీరీయగల మేలైన కానుక అదియే.