మూత తీశావా? – గోదావరి గట్టు మీద ఒక రేంజ్‌ఫైండర్, మూడు లెన్సులు

ఇవాళ టేబుల్ మీద ఒక కెమెరా పెట్టాను, చూడండి. స్క్రీన్ లేదు. బ్యాటరీ లేదు. ఆటో ఫోకస్ లేదు. వెలుతురు కొలిచే మీటర్ కూడా లేదు. దీని పేరు జోర్కి 4. మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్‌లో తయారైంది. ఈ ఫ్యాక్టరీ కెమెరాల సీరియల్ నంబర్‌లో మొదటి రెండు అంకెలు చూస్తే ఏ ఏడాదిదో తెలిసిపోతుంది. నా దాని మీద 69 అని ఉంది, అంటే 1969. నాకంటే చాలా పెద్దది. అందుకే కాస్త మర్యాదగా పట్టుకుంటాను.

ఇది రాజమండ్రిలో మా ఇంటికి ఎలా వచ్చిందంటారా? విశాఖ స్టీల్ ప్లాంట్‌ని సోవియట్ సహకారంతో కట్టారు కదా. 1980ల్లో మా పెదనాన్న అక్కడ పనిచేసేవారు. తనతో పనిచేసిన ఒక రష్యన్ ఇంజనీరు వెళ్ళిపోతూ దీన్ని ఆయన చేతిలో పెట్టి వెళ్ళారట. పెదనాన్న పది ఫోటోలు తీసి బీరువాలో పెట్టేశారు. ముప్పై ఏళ్ళ తర్వాత నేను బయటికి తీశాను.

అసలు రేంజ్‌ఫైండర్ అంటే ఏంటి?

ఒక చిన్న పని చేయండి. ముక్కు ముందు వేలు పెట్టుకుని, ఒకసారి కుడి కన్ను, ఒకసారి ఎడమ కన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. ఇప్పుడు చెయ్యి పూర్తిగా చాపి అదే చేయండి. తక్కువగా గెంతుతుంది. దగ్గరున్నది ఎక్కువ జరుగుతుంది, దూరంగా ఉన్నది తక్కువ జరుగుతుంది. రేంజ్‌ఫైండర్ చేసేది ఈ లెక్కే.

కెమెరా ముందు రెండు కిటికీలు ఉన్నాయి చూడండి. ఈ రెండూ ఆ రెండు కళ్ళు. వెనక నుంచి చూస్తే మధ్యలో చిన్న మచ్చలాంటి చోట బొమ్మ రెండుగా కనిపిస్తుంది. లెన్స్ తిప్పుతూ ఉంటే రెండో బొమ్మ జరుగుతుంది. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయంటే ఫోకస్ కుదిరినట్టే.

దీంట్లో ఒక మెలిక ఉంది. మీరు చూస్తున్నది లెన్స్ గుండా కాదు, పక్కనున్న అద్దం గుండా. డీఎస్ఎల్ఆర్‌లో నొక్కిన క్షణంలో అద్దం పైకి లేచి కళ్ళ ముందు చీకటి అవుతుంది. ఇక్కడ అలా కాదు, నొక్కుతున్నప్పుడు కూడా మనిషి కనిపిస్తూనే ఉంటాడు. పైగా ఈ ఫైండర్‌లో బొమ్మ దాదాపు అసలు సైజులోనే ఉంటుంది కాబట్టి రెండో కన్ను కూడా తెరిచి ఉంచొచ్చు. ఫ్రేమ్‌లోకి ఎవరొస్తున్నారో ముందే తెలుస్తుంది. వీధి ఫోటోలకి ఇంతకంటే ఏం కావాలి? హెన్రీ కార్తియే బ్రెసాన్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి చిన్న లైకా రేంజ్‌ఫైండర్‌తో తిరిగింది ఇందుకే. 1948లో గాంధీ గారి అంత్యక్రియలను ఆయన తీసింది కూడా లైకాతోనే.

కానీ లెన్స్ గుండా చూడకపోవడానికి ఒక ఖరీదు ఉంది. అది నేను కట్టాను. ఆఖర్లో చెప్తాను.

35 ఎంఎం: కడియపులంక పూల మార్కెట్

ముందు జూపిటర్-12. 35 ఎంఎం, ఎఫ్ 2.8. పొద్దున్నే కడియపులంక పూల మార్కెట్‌కి వెళ్ళారనుకోండి. బంతిపూల బుట్టలు, చామంతి మూటలు, తలపాగాలు, కేకలు. అక్కడ రెండు బొమ్మలు కలుపుకుంటూ కూర్చుంటే బుట్ట వెళ్ళిపోతుంది.

అందుకని నేను ముందే పెట్టేసుకుంటాను. లెన్స్ 3 మీటర్ల దగ్గర, అపెర్చర్ ఎఫ్ 8 దగ్గర. 35 ఎంఎం లెన్స్‌కి అప్పుడు సుమారు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. ఇక ఫోకస్ గురించి ఆలోచించను. నేను మూడు మీటర్ల దూరంలో ఉన్నానా లేదా అన్నదే చూసుకుంటాను. అంటే ఫోకస్ చేసేది లెన్స్ కాదు, నా కాళ్ళు.

ఇబ్బంది ఏంటంటే, జోర్కి ఫైండర్ 50 ఎంఎం కోసం చేసింది. 35కి పైన వేరే ఫైండర్ తగిలించాలి. నా దగ్గర ఉన్నది గుండ్రంగా తిప్పుకునేది. అది పెట్టుకుని తిరుగుతుంటే ఒక పెద్దావిడ అడిగింది, "ఏం బాబూ, సర్వేకి వచ్చావా?" అని. "లేదండీ, ఫోటోలు" అన్నాను. "అయితే నా బుట్ట నిండుగా ఉన్నప్పుడే తియ్యి" అంది. తీశాను. వారం తర్వాత ప్రింట్ తీసుకెళ్ళి ఇచ్చాను. ఇప్పుడు నేను వెళ్తే ఆవిడే పిలుస్తుంది.

50 ఎంఎం: పుష్కర ఘాట్

జూపిటర్-8, 50 ఎంఎం, ఎఫ్ 2. కెమెరాతో పాటు వచ్చింది ఇదే, నేను ఎక్కువగా వాడేదీ ఇదే. ఇదే 3 మీటర్లు, ఎఫ్ 8 పెడితే స్పష్టంగా వచ్చేది సుమారు 2.3 నుంచి 4.2 మీటర్ల వరకే. అంటే కాస్త నిలబడి, చూసి, తీయాలి.

పుష్కర ఘాట్‌లో నేను చేసేది అదే. ముందు చోటు ఎంచుకుంటాను. మెట్ల మీద వెలుతురు పడే ఒక పట్టీ, వెనక నీళ్ళు. ఆ మెట్టుకి ఫోకస్ చేసి పెట్టుకుంటాను. తర్వాత ఎదురుచూపే. దీపం పట్టుకుని ఒకామె దిగుతుంది, మనవణ్ణి భుజాన వేసుకుని ఒక తాతగారు వస్తారు. వాళ్ళు ఆ మెట్టు మీదికి వచ్చినప్పుడు ఒక్కటే ఫోటో. పది కాదు. రోల్‌లో ఉండేవి 36 ఫ్రేములే కదా.

ఒక మాట. స్నానం చేస్తున్నవాళ్ళని తీయను. కర్మకాండలు చేసుకుంటున్నవాళ్ళని అస్సలు తీయను. కెమెరా చిన్నదని, శబ్దం తక్కువని అది దొంగతనంగా తీయడానికి లైసెన్సు కాదు.

85 ఎంఎం: ఇది మాత్రం కష్టమే

జూపిటర్-9, 85 ఎంఎం, ఎఫ్ 2. గట్టు మీద నుంచి పాత హేవలాక్ వంతెన స్తంభాలు, వాటి మధ్య పడవ తీయడానికి బాగుంటుంది. ఆ వంతెన మీద 1997లోనే రైళ్ళు ఆగిపోయాయి, కానీ సాయంత్రం ఎండలో దాని అందమే వేరు. దూరం కాబట్టి ఫోకస్ సమస్య రాదు.

దగ్గరగా మొహం తీయబోతేనే దెబ్బ. 3 మీటర్ల దూరంలో ఎఫ్ 2 పెడితే స్పష్టంగా వచ్చే లోతు జానెడు కన్నా తక్కువ. ఆ చిన్న మచ్చలో అంత కచ్చితంగా కలపడం నా వల్ల కావట్లేదు. మా తమ్ముడి ఫోటోలో చెవి అద్భుతంగా వచ్చింది, కళ్ళు మసక. పొడుగు లెన్సులు కావాలంటే డీఎస్ఎల్ఆరో, మిర్రర్‌లెస్సో వాడండి. రేంజ్‌ఫైండర్ బలం 35, 50 దగ్గరే.

ఇక నేను కట్టిన ఖరీదు

ఈ కెమెరాలో షట్టర్ అంటే గుడ్డ తెర. మెడలో వేసుకుని తిరుగుతుండగా లెన్స్ సూర్యుడి వైపు తిరిగిందంటే, భూతద్దంతో కాగితం కాల్చినట్టే. తెరకి చిల్లు పడుతుంది. తర్వాత ప్రతి ఫోటోలోనూ ఆ చుక్క వస్తుంది. అది తెలిసిన రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. ఎండాకాలంలో లెన్స్ మూత తీసేవాణ్ణే కాదు.

ఆ మే నెలలో అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళాం. పొద్దున్నే డాబా మీద పాత పంచె పరిచి, అమ్మమ్మ సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. ఏటవాలు ఎండ, తెల్ల పంచె, వంగిన నడుము, గరిటె. నేను కింద కూర్చుని ఎనిమిది ఫ్రేములు తీశాను. నాకు అప్పుడు ఫిల్మ్ అంటే ఎంత పొదుపంటే నెలకి నాలుగు ఫోటోలు తీస్తే ఎక్కువ. ఆ రోజు ఎనిమిది తీశాను. ఒక్కోదానికీ రెండు బొమ్మలు కలిపి, ఊపిరి బిగబట్టి తీశాను.

కార్తీకంలో అమ్మమ్మ పోయింది.

డిసెంబర్‌లో రోల్ పూర్తయింది. కడిగించాను. ఫిల్మ్ వెలుతురుకి ఎత్తి చూస్తే మధ్యలో ఎనిమిది ఫ్రేములు ఖాళీ. గాజులా ఉన్నాయి. వెలుతురు తగలని ఫిల్మ్ అలాగే ఉంటుంది. మూత తీయలేదు. ఫైండర్‌లో అంతా చక్కగా కనిపించింది, ఫోకస్ కుదిరింది, షట్టర్ టక్కుమంది. కెమెరా నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పలేదు కూడా, అది లెన్స్ గుండా చూడదు కదా.

చాలా రోజులు దాన్ని ముట్టుకోలేదు. సంక్రాంతికి మా చెల్లి తన ఫోన్ తీసి, "అన్నయ్యా, ఇది చూశావా?" అంది. అదే డాబా. అమ్మమ్మ గరిటె పట్టుకుని నవ్వుతోంది. ఎదురుగా నేను కెమెరా కంటికి పెట్టుకుని ఉన్నాను. లెన్స్ మీద నల్లటి మూత స్పష్టంగా కనిపిస్తోంది. ఇద్దరం నవ్వాం. తర్వాత నవ్వలేకపోయాం. ఆ రోజుకి మిగిలింది ఆ ఒక్క ఫోటోనే. దాన్ని ప్రింట్ తీయించి ఇంట్లో పెట్టాం.

ఇప్పుడు నా కెమెరా వెనక చిన్న కాగితం అంటించాను. "మూత" అని రాసి ఉంటుంది, అంతే.

మీ ఫోన్‌తో ఇది చేయండి

మీరు జోర్కి కొనాలని నేను చెప్పడం లేదు. కొంటే ఒక్కటి గుర్తుంచుకోండి: ముందు ఫిల్మ్ తిప్పాలి, ఆ తర్వాతే షట్టర్ స్పీడ్ మార్చాలి. తిరగేసి చేస్తే లోపల పాడవుతుంది.

కొనకపోయినా ఈ ఆదివారం ఒక గంట ఇలా తిరగండి. చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా 24–26 ఎంఎంతో సమానం. 2ఎక్స్ పెడితే ఇంచుమించు 50 అవుతుంది. దాన్నే ఉంచండి, జూమ్ ముట్టుకోకండి. మూడు మీటర్ల దూరంలో ఏదైనా మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేయండి. ఇక కాళ్ళతో ముందుకీ వెనక్కీ జరగండి. 36 ఫోటోలే తీయండి. ఇంటికి వచ్చేదాకా గ్యాలరీ తెరవకండి. చూస్తూ ఉంటే, తీసిన ఫోటోని చూస్తాం గానీ ఎదురుగా ఉన్న మనిషిని చూడం.

ఇంకొకటి. వాటిల్లో ఒకటైనా మీ ఇంట్లో పెద్దవాళ్ళది ఉండాలి. పండక్కి ముస్తాబై నిలబడ్డది కాదు. కూరగాయలు తరుగుతున్నదో, మొక్కలకి నీళ్ళు పోస్తున్నదో. తీశాక వచ్చిందో లేదో అక్కడే ఒకసారి చూసుకోండి. గ్యాలరీ తెరవొద్దన్న నా రూల్ ఈ ఒక్క ఫోటోకి వర్తించదు.

ఉంటాను ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో మీటర్ లేకుండా ఎండని చూసి ఎక్స్‌పోజర్ ఎలా పెట్టాలో మాట్లాడుకుందాం.