మెమరీ కార్డును నమ్మి పాటను వదలొద్దు



ఇప్పుడు దండారి వచ్చినా, జాతర జరిగినా ముందుగా పైకి లేచేది మన చేతుల్లోని ఫోనే. ప్రధాన్, తోటి కళాకారులు కిక్రి వాయిస్తూ చెప్పే పెర్సాపేన్ కథలు, ముసలమ్మల పెళ్లి పాటలు అన్నీ ఫోన్లలోనే దాస్తున్నాం. అవి అక్కడ ఎంతకాలం నిలుస్తాయో మాట్లాడుకుందాం.

ఫోన్‌లోనూ, మెమరీ కార్డులోనూ ఉండేది ఫ్లాష్ మెమరీ. అందులో కోట్ల కొద్దీ చిన్న గదులుంటాయి. ఆ గదుల్లో బంధించిన విద్యుదావేశమే మన పాట, మన ఫొటో. పాతది చెరిపి కొత్తది రాసిన ప్రతిసారీ గది గోడ కొంచెం అరుగుతుంది. గదికి ఒక్క బిట్ దాచే పాత రకం దాదాపు 1,00,000 సార్లు తట్టుకునేది. తక్కువ ధరకు ఎక్కువ చోటు కోసం ఇప్పుడు గదికి మూడు బిట్లు కుక్కుతున్నారు. వాటి ఓపిక సాధారణంగా 1,000 నుంచి 3,000 సార్లే.

అందుకే లోపల కంట్రోలర్ అనే చిప్ రెండు పనులు చేస్తుంది. పోడు చేసిన మన తాతలు ఒకే చోట ఏటేటా విత్తకుండా మరో చోటికి మారినట్టు, రాతలను అన్ని గదులకూ పంచుతుంది. రెండోది తప్పులు దిద్దడం. 1950లో రిచర్డ్ హామింగ్ ప్రకటించిన పద్ధతిలో 4 బిట్లకు 3 కాపలా బిట్లు చేరుస్తారు. వాటిలో ఒకటి తారుమారైతే అదేదో పట్టి సరిచేయొచ్చు. నేటి కార్డుల్లో ఇంకా బలమైన పద్ధతులున్నాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. దిద్దుబాటు సాగినంత కాలం పాట చక్కగా వినిపిస్తుంది, లోపలి అరుగుదల మనకు తెలియదు. తప్పులు హద్దు దాటిన రోజున ఫైల్ తెరుచుకోదు. కాగితం ఫొటో వెలిసిపోతుంటే కంటికి కనిపిస్తుంది. 1940లలో హైమెండార్ఫ్ మన గోండుల మధ్య తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. కార్డు మాత్రం ముందుగా ఏ సూచనా ఇవ్వకపోవచ్చు.

కార్డు తీసి పెట్టెలో దాస్తే చాలనుకోవద్దు. ఏళ్ల తరబడి కరెంటు అందకపోతే ఆవేశం మెల్లగా జారిపోతుంది. వేడి తగిలినా, కార్డు అప్పటికే అరిగి ఉన్నా ఇంకా త్వరగా పోతుంది.

కాబట్టి రికార్డు చేసిన వారంలోపే మూడు ప్రతులు చేద్దాం. ఒకటి ఫోన్‌లో, ఒకటి కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపుదాం. పాడినవారి అనుమతి తీసుకుని పేరు, ఊరు, తేదీ రాసిపెడదాం. ఏటా దండారికి ముందు అన్నీ తెరిచి విందాం. ఒక్క ఫైల్ మొరాయించినా ఆ కార్డులో కొత్తగా ఏమీ రికార్డు చేయకుండా, మిగిలినవి వెంటనే వేరేచోటికి మార్చుకుందాం.

కంట్రోలర్ బిట్లను దిద్దగలదు గానీ, వెళ్లిపోయిన పెద్దల చేత మళ్లీ పాడించలేదు. ప్రతి గూడెం నుంచి ఇద్దరు యువతీయువకులు ఈ పని భుజాన వేసుకోవాలని మనందరి తరఫున కోరుతున్నాం.

జై సేవా.