అర ఆదివారం



క్రికెట్ సంఘం ఎలా నడుస్తుందో స్త్రీల కార్యక్రమంలో చెప్పమన్నారు. "వంటల గురించో, పిల్లల పెంపకం గురించో అయితే సరేగాని, ఇదేమిటమ్మా!" అని మీలో కొందరు రేడియో గొంతు తగ్గించబోతారేమో. కాస్త ఆగండి. ఆదివారం పూట మీ అబ్బాయో, మీ మరిదో బ్యాటు చంకన పెట్టుకుని వెళ్ళి, సాయంత్రం మట్టి కొట్టుకుపోయిన బట్టలతో తిరిగి వస్తాడు కదూ. ఆ బట్టలు ఉతికేది మనమే. కాని ఆ ఆట ఎవరు ఏర్పాటు చేశారో, బంతి ఎవరి డబ్బుతో కొన్నారో, పిచ్ మీద పరిచే చాప ఎవరింట్లో దాచారో మనం అడగం. నేను నాలుగేళ్ళుగా ఆ పనిలో ఉన్నాను కనుక చెబుతాను.

మాది రాయికోడ్. జహీరాబాదుకు దగ్గర. 2016 దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. పత్తి, కంది, చెరకు పండే నల్లరేగడి నేల. చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు ఎనిమిది జట్లుగా కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. పేరుకు సంఘమేగాని ఆఫీసు లేదు, బీరువా లేదు. అధ్యక్షుడు ఎరువుల దుకాణం చూసుకుంటాడు. కార్యదర్శి మా మరిది. లెక్కల పుస్తకం మాత్రం రెండేళ్ళలో మూడు చేతులు మారింది. చివరికి మా మరిది దాన్ని తెచ్చి నా ముందర పెట్టి, "వదినా, పాల లెక్క, కిరాణం లెక్క పైసతో సహ రాస్తవు. గిది గూడ నువ్వే రాయరాదు?" అన్నాడు. నేను చదివింది పదో తరగతే అయినా కూడికలు, తీసివేతలంటే భయం లేదు. సరేనన్నాను.

ఈ పనిలో డబ్బు ఎలాగో సమకూరుతుంది. ఆదివారాలే సమకూరవు. చూడండి. ఎనిమిది జట్లలో ప్రతి ఒక్కటీ తక్కిన ఏడింటితోనూ ఆడాలంటే 28 మ్యాచీలు. ఉన్నది ఒక్కటే మైదానం. 20 ఓవర్ల మ్యాచికి మూడు, మూడున్నర గంటలు పడుతుంది కనుక పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. అంటే 14 ఆదివారాలు కావాలి. వానలు పోయి, మైదానం ఆరి, పనికి వచ్చేసరికి నవంబరు దాటుతుంది. తడిసిన రేగడిలో నాలుగడుగులు వేస్తే చెప్పులు అక్కడే ఉండిపోతాయి. అవతల మార్చిలో పరీక్షలు. మధ్యలో మార్గశిరంలో, మాఘంలో పెళ్ళిళ్ళు. జట్టులో ఒకడి అక్క పెళ్ళయితే జట్టు జట్టంతా వడ్డనకు పోవలసిందే. పుష్యమాసంలో ముహూర్తాలుండవు, అది మాకు మేలు. కాని సంక్రాంతి అప్పుడే, కందికోతా అప్పుడే. పంచాంగం పక్కన పెట్టుకుని క్రికెట్ పట్టిక వేసే సంఘాలు ఇంకెన్ని ఉన్నాయోగాని, మాకు మాత్రం అది లేకపోతే పని జరగదు.

అంచేత జట్లను రెండు గుంపులు చేశాం. గుంపుకు నాలుగు జట్లు. ఒక్కో గుంపులో ఆరు చొప్పున 12 మ్యాచీలు. ఆపైన రెండు సెమీఫైనళ్ళు, ఒక ఫైనలు. మొత్తం 15. రోజుకు రెండు చొప్పున ఏడున్నర ఆదివారాలు. అంటే చివరి ఆదివారం పొద్దున ఫైనలు అయిపోతే మధ్యాహ్నం ఖాళీ అన్నమాట. ఆ అర ఆదివారం సంగతి తర్వాత వస్తుంది, జ్ఞాపకం పెట్టుకోండి.

ఇక పిచ్. ఈ కొస నుంచి ఆ కొసకు, వికెట్టుకూ వికెట్టుకూ మధ్య 22 గజాలు. తొమ్మిది గజాల చీరలు రెండు పొడుగ్గా పరిచి, ఇంకో నాలుగు గజాలు కలిపితే ఎంతో అంత. రేగడి ఎండితే నెర్రెలు విచ్చుతుంది. బంతి నెర్రె మీద పడిందంటే ముక్కుకు వస్తుందో, పాదాల కింద నుంచి పోతుందో బ్రహ్మదేవుడికే తెలియాలి. అందుకని మొరం పోసి, నీళ్ళు చల్లి, రోలరుతో అణగదొక్కి, దానిమీద కొబ్బరిపీచు చాప పరిచి చుట్టూ మేకులు బిగిస్తాం. ఒక్క మేకు లేచినా పరుగెత్తేవాడి కాలికి తగులుతుంది. శనివారం సాయంత్రం నీళ్ళు చల్లే మనిషి రాకపోతే ఆదివారం ఆట లేనట్టే. బహుమతుల సభలో అందరి పేర్లూ చదువుతారు, ఆయన పేరు చదవగా నేను వినలేదు. మన వంటింటి సంగతీ అంతే కదా, అని మీరంటే నేను కాదనను.

తోలుబంతి బరువు 156 నుంచి 163 గ్రాముల దాకా ఉండాలని నియమం. ఒక్కో ఇన్నింగ్సుకు ఒక కొత్త బంతి. 15 మ్యాచీలకు 30 బంతులు. ఒక మోస్తరు బంతి ధరకు మనింట్లో మూడు నాలుగు రోజుల కూరగాయలు వస్తాయి. వాడిన బంతిని నేను పారేయనివ్వను. ప్రాక్టీసుకని జట్లకు పంచి, ఎవరికి ఎన్ని ఇచ్చానో రాసుకుంటాను. జట్టు ప్రవేశ రుసుం విషయంలోనూ ఒక పద్ధతి పెట్టాను. "ఇస్తంలే అక్కా, ఏడికి పోతం?" అన్న జట్టు పేరు పట్టికలో పెన్సిలుతో రాస్తాను. రుసుం ముట్టాకే సిరాతో దిద్దుతాను. పెన్సిలు గీత చూసి చిన్నబుచ్చుకుని మర్నాడే తెచ్చి ఇచ్చినవాళ్ళున్నారు.

లెక్కల పుస్తకం ప్రతి ఆదివారం స్కోరుబల్ల మీదే ఉంటుంది, ఎవరైనా తిరగేయవచ్చు. ఇంత చిన్న సంఘానికి ఇంత పట్టింపా అంటారేమో. పెద్ద సంఘాలను చూసే ఈ పట్టింపు. 1934లో పుట్టిన హైదరాబాదు క్రికెట్ సంఘం కూడా మూలంలో క్లబ్బుల కూడికే. రంజీ ట్రోఫీ పోటీల్లో మొట్టమొదటి సెంచరీ కొట్టింది హైదరాబాదు ఆటగాడు ఎస్.ఎం. హాదీ, 1934-35 సీజనులో. ఆ జట్టు 1937-38లోనూ, 1986-87లోనూ ట్రోఫీ గెలిచింది. అంత చరిత్ర ఉన్న సంఘం తగాదాలు సుప్రీంకోర్టు దాకా పోయి, 2023 ఫిబ్రవరిలో విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుగారిని కోర్టు నియమించవలసి వచ్చింది. ఒకరి చేతిలోనే ఒకటికి మించి క్లబ్బులుంటే ఓట్లూ వాళ్ళవే కదా. ఆయన 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టారు. మా సంఘంలో జట్టుకు ఒక ఓటు, ఇంటికి ఒక జట్టే. ఈ మాట మొదటి పేజీలోనే రాసి ఎనిమిదిమంది కెప్టెన్లతో సంతకాలు చేయించాం.

అంపైర్ల గురించి ఎక్కువ చెప్పను, చెబితే ఈ పూట చాలదు. ఆడని జట్లలోంచి ఇద్దరు అంపైర్లుగా నిలబడాలి. ఎల్బీడబ్ల్యూ ఇచ్చినప్పుడల్లా రగడే. చివరికి ఒక నియమం పెట్టాం. ఫిర్యాదు ఉంటే అదేరోజు కాగితం మీద రాసి, కొంత డబ్బు కట్టి ఇవ్వాలి. ఫిర్యాదు నిజమని తేలితే డబ్బు వాపసు, లేకపోతే సంఘానికి జమ. ఆ తర్వాత నా చేతికి వచ్చిన కాగితం ఒకే ఒక్కటి.

స్కోరుపుస్తకం దగ్గర అసలు కథ మొదలైంది. ఆ పుస్తకం చాలా ముచ్చటైనది. బ్యాటు పట్టినవాళ్ళ పరుగులన్నీ కూడి, ఎక్స్‌ట్రాలు కలిపితే జట్టు మొత్తం రావాలి. బంతి వేసినవాళ్ళు ఇచ్చిన పరుగులు కూడి, బైలు, లెగ్‌బైలు కలిపినా అదే మొత్తం రావాలి. రెండూ సరిపోకపోతే ఎక్కడో తప్పు రాశారన్నమాట. కుర్రాళ్ళు రాస్తే ఎప్పుడూ సరిపోయేది కాదు. రాసేవాడు తన వంతు రాగానే ప్యాడ్లు కట్టుకోవడానికి లేచిపోతాడు మరి. అందుకని మా పక్కింటి అమ్మాయినీ, దాని స్నేహితురాలినీ కూర్చోబెట్టాను. ఇద్దరూ ఇంటర్ చదువుతున్నారు. గొడుగు కింద కుర్చీలు వేసుకుని కూర్చుని, ఆదివారానికి రెండు మ్యాచీలు తప్పులేకుండా రాశారు. నాలుగో వారానికల్లా ఎవడు ఏ బంతికి ఔటవుతాడో వాళ్ళు ముందే చెప్పేవాళ్ళు. ఒక సాయంత్రం పుస్తకం మూస్తూ పక్కింటి పిల్ల అడిగింది, "చిన్నమ్మా, మేం ఎప్పటికీ రాసుడేనా? ఒక్కపాలి ఆడనియ్యరా?"

దానికి నేను ఆ పూటే జవాబు చెప్పలేదు. మిగిలిన అర ఆదివారం మాత్రం గుర్తుకు వచ్చింది.

ఆ మధ్యాహ్నాన్ని బహుమతుల సభకని అట్టిపెట్టారు. శాలువాలు, దండలు, ఉపన్యాసాలు. సంఘం సమావేశంలో నేను, "సభ అరగంటలో ముగించి, ఆ పూట ఆడపిల్లల మ్యాచి పెట్టండి" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఆడపిల్లల ఆట ఎవరు చూస్తరక్కా?" అన్నాడొకడు. "దెబ్బ తాకితే వాళ్ళ నాయినకు జవాబు ఎవరు చెప్తరు?" అన్నాడు ఇంకొకడు. మొదటి మాటకు నాకు కోపం వచ్చింది. రెండోది న్యాయమైన ప్రశ్న. మాకు దగ్గరలోని మాచనూరులో 2008లో ఊరి ఆడవాళ్ళు సంఘం రేడియో మొదలుపెట్టి, మైకులూ మిషన్లూ తామే నడిపారు. వినేవాళ్ళున్నారా అని ముందు అడిగి ఉంటే అది మొదలయ్యేదే కాదు. ఆ మాటే చెప్పాను.

ఇంకో సంగతి కూడా చెప్పాను. ఇది మీలో చాలామందికి తెలిసి ఉండదు. క్రికెట్ ప్రపంచకప్పు ముందుగా ఆడింది ఆడవాళ్ళు, 1973లో ఇంగ్లండులో. మగవాళ్ళది 1975లో. మన దేశంలో మహిళా క్రికెట్ సంఘం పుట్టింది కూడా 1973లోనే. 1978 జనవరిలో మహిళల ప్రపంచకప్పు మన దేశంలో జరిగితే, చివరి మ్యాచి ఎక్కడో తెలుసా? హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో, జనవరి 13న. ఆస్ట్రేలియా ఇంగ్లండును ఓడించి కప్పు పట్టుకుపోయింది. మన జట్టు డయానా ఎడుల్జీ నాయకత్వాన ఆ ఏడే మొదటిసారి ఆడి, మూడు మ్యాచీలూ ఓడింది. ఓడినా ఆడింది, ఎందుకంటే పట్టికలో దాని పేరుంది.

ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి మహిళా సంఘం చేతిలో డబ్బు లేదు. 2005లో ప్రపంచకప్పు ఫైనలు దాకా వెళ్ళిన జట్టుకు మ్యాచికి వెయ్యి రూపాయల చొప్పున ముట్టిందని కెప్టెన్ మిథాలీ రాజే చెప్పింది. సికింద్రాబాదులో పెరిగిన పిల్ల. 2006లో మహిళా సంఘం క్రికెట్ బోర్డులో కలిసింది. మ్యాచి ఫీజు మగవాళ్ళతో సమానం చేస్తామన్న మాట రావడానికి 2022 అక్టోబరు దాకా ఆగాలి. 2025లో పందొమ్మిదేళ్ళ లోపు అమ్మాయిల ప్రపంచకప్పులో సెంచరీ కొట్టిన గొంగడి త్రిషది భద్రాచలం. ఆట కోసం ఆ కుటుంబం ఊరు విడిచి హైదరాబాదు చేరింది. అదే ఏడు నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్పు తెచ్చిన జట్టులో కడప జిల్లా శ్రీచరణి, హైదరాబాదు అరుంధతి రెడ్డి ఉన్నారు. ప్రతి ఇల్లూ ఊరు విడిచి పోలేదు కదా. పోలేని ఇంటి పిల్ల ఎక్కడ ఆడాలి?

సమావేశం ఒప్పుకుంది. ఆపైన తల్లులను ఒప్పించడం నా వంతు. పత్తి ఏరే రోజుల్లో ఆదివారం కూలి పోతుందన్నారు. ఫిబ్రవరి మొదట్లో కదా, అప్పటికి పత్తి అయిపోతుందన్నాను. "పంపుతగాని అక్కా, పొద్దుమూకకముందే ఇంటికి రావాలె" అన్నదొకామె. రెండున్నరకు మొదలుపెట్టి అయిదింటికి ముగిస్తామని మాటిచ్చాను. బట్టలంటే, బడిలో వేసుకునే ట్రాక్ ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా. బంతి అంటే, ఆడవాళ్ళ తోలుబంతి మగవాళ్ళ దానికంటే చిన్నది, తేలిక కూడా, అయినా ఈసారికి టెన్నిస్ బంతే అన్నాను. అన్నీ అడిగిన తల్లులు అడగని మాట ఒకటుంది. మైదానం పక్క బడిలో మరుగుదొడ్డి తాళంచెవి. ఏడెనిమిది ఆదివారాలు కుర్రాళ్ళు ఆడారు, ఆ అవసరం ఒక్కరికీ తోచలేదు. శనివారమే పోయి తాళంచెవి తెచ్చి, బక్కెట్టు, చెంబు పెట్టించాను. సంఘం ఖర్చుల పుస్తకంలో 'బక్కెట్టు' అన్న పద్దు చూసి మా మరిది నవ్వాడు. నవ్వితే నవ్వాడు.

పద్నాలుగుమంది వచ్చారు. ఏడుగురు ఒక వైపు, ఏడుగురు ఒక వైపు, ఎనిమిదేసి ఓవర్లు. ఫైనలు ఆడిన కుర్రాళ్ళే అంపైర్లుగా నిలబడ్డారు. చూడ్డానికి ఎవరొస్తారన్నాడే, వాడే ప్రహరీగోడ ఎక్కి కూర్చుని చివరిదాకా దిగలేదు. పక్కింటి పిల్ల రెండు బంతులకే ఔటయింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. తిన్నగా వచ్చి స్కోరుబల్ల దగ్గర కూర్చుని, తన పేరు పక్కన సున్నా తానే రాసుకుంది. అయిదుకు పది నిమిషాలుండగా ఆట ముగిసింది.

వచ్చే సీజనుకు తొమ్మిదో జట్టు చేరతామంటున్నది. రుసుం కట్టడానికి సిద్ధంగా ఉన్నారు, కాదనలేం. ఒక గుంపులో అయిదు, ఒక గుంపులో నాలుగు. పదహారు, మూడు, మొత్తం 19 మ్యాచీలు, తొమ్మిదిన్నర ఆదివారాలు. అర ఆదివారం అప్పుడూ మిగులుతుందిగాని, సంక్రాంతి, పెళ్ళిళ్ళు తీసేస్తే అది ఫిబ్రవరి చివరికి పోయి పడుతుంది. అప్పుడు ఇంటర్ పరీక్షలు, ఒక్క ఆడపిల్లా రాదు. సీజను మొదటి ఆదివారం పెడదామంటే పత్తి ఏరే రోజులు. జనవరి నడుమ పెడితే కుర్రాళ్ళ మ్యాచి ఒకటి వెనక్కి జరగాలి. ఎవరిది జరపాలన్నదే ఇప్పటి తగాదా.

సమావేశం దసరా వెళ్ళిన మొదటి బుధవారం. పట్టిక వేసే పని నాదే. సంక్రాంతి తర్వాతి ఆదివారం మధ్యాహ్నం గడిలో ఆడపిల్లల మ్యాచి సిరాతో రాసి ఉంచాను. తక్కినవి పెన్సిలుతో ఉన్నాయి.