జీవితాలు అయిపోయాయట! – సెల్‌ఫోను ఆటలపై ఒక ఆడిట్ నివేదిక

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. డి.ఏ. బకాయిల సంగతి ఆయనే చెబుతారు, వైద్య బిల్లుల సంగతి చెప్పడానికి మరొకరున్నారు, కనుక నన్ను ఏ విషయమైనా ఎంచుకోమన్నారు. సెల్‌ఫోను ఆటల మీద మాట్లాడతానంటే ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "మనవళ్ల గురించా?" అన్నారు. మనవళ్ల గురించి కాదండీ, మన గురించే.

చిక్కడపల్లి స్టేషన్‌లో మెట్రో ఎక్కి చూడండి. 2020 ఫిబ్రవరిలో ఈ లైను మొదలైనప్పటి నుంచి నేను సుల్తాన్ బజారు పనులన్నిటికీ అందులోనే వెళుతున్నాను. తర్వాతి స్టేషను నారాయణగూడ, రెండు నిమిషాల ప్రయాణం. ఆ రెండు నిమిషాల్లోనే ఎదురు వరుసలో ముగ్గురో నలుగురో వేలితో రంగు రంగుల గోళీలు జరుపుతూ కనిపిస్తారు. వాళ్లలో ఒకరిద్దరికి నెరిసిన జుట్టు ఉండక మానదు. ఈ హాల్లో కూడా ఇందాక స్వాగతోపన్యాసం జరుగుతుండగా రెండు సెల్‌ఫోన్లలోంచి నాణేలు రాలిన చప్పుడు వినిపించింది. పేర్లు చెప్పను.

ఆడటం తప్పని నేననను. ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసినవాళ్లం, కాసేపు ఆడుకుంటే ఎవరి సొమ్ము పోయింది? నా అభ్యంతరం వేరు. మనం ఆడుతున్న సరుకు నాసిరకం. కూరగాయల దగ్గర వంకాయను వెనక్కీ ముందుకీ తిప్పి చూసే మనం, రోజుకు గంటో రెండు గంటలో మింగే వస్తువును ఒక్కసారైనా తిప్పి చూడటం లేదు.

నేను ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణని మీకు తెలుసు. ఆ అలవాటు చావదు. మా అమ్మాయి కొడుకు నా ఫోన్‌లో నాలుగైదు ఆటలు వేసి ఇచ్చాడు. నేను ఒక నోటుబుక్కు తీసి గీతలు గీశాను. ఆడిన సమయం ఒక గడి, చూసిన ప్రకటనలు ఒక గడి, డబ్బు అడిగిన సందర్భాలు ఒక గడి. మన నగర కేంద్ర గ్రంథాలయం వరండాలో కూర్చుని ఒక సాయంత్రం పలకలు పేర్చే ఆట అరగంట ఆడాను. అరగంటలో పదకొండు నిమిషాలు ప్రకటనలే. ప్రకటన మూసే గుర్తు ఆవగింజంత ఉంటుంది, అదీ వెంటనే రాదు. వచ్చాక నొక్కితే గుర్తు మీద కాక పక్కన తగిలి మరో దుకాణం తెరుచుకుంటుంది. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న కళ్లకు, కాస్త వణికే వేళ్లకు అది తగలదని చేసినవాడికి తెలియదంటే నేను నమ్మను. తెలిసే అలా చేశాడు.

అదే ఫోన్‌లో తెలుగు భాష ఎంచుకునే ఆట ఒకటుంది. మూడుసార్లు ఓడాక తెర మీద పడింది: "మీ జీవితాలు అయిపోయాయి. జీవితాలు కొనండి." ప్రతి నవంబరులో మనం బతికే ఉన్నామని జీవన ప్రమాణ పత్రం ఇచ్చి, బొటనవేలి ముద్ర పడక నాలుగుసార్లు తుడుచుకునే పింఛనుదారుణ్ణి పట్టుకుని ఆ మాటా అనడం! (నవ్వులు) ఇంగ్లీషు మాటను యంత్రంలో వేసి తీసిన తెలుగు అది. భాష తెలిసిన మనిషి ఒక్కడు ఒక్క పూట కూర్చుని చదివి ఉంటే "ఇక అవకాశాలు లేవు" అని రాసేవాడు. అక్కడ పూట ఖర్చు మిగుల్చుకున్నవాడు లోపల ఇంకెక్కడ మిగుల్చుకున్నాడో మీరే ఊహించుకోండి.

మంచి ఆట ఎలా ఉంటుందో మనకు తెలియక కాదు. అష్టాచెమ్మా తీసుకోండి. ఇరవై అయిదు గడులు, నాలుగు గవ్వలు. నాలుగూ ఒకవైపు పడితే చెమ్మా, నాలుగూ రెండోవైపు పడితే అష్టా. పిల్లకు అయిదు నిమిషాల్లో నేర్పవచ్చు. కానీ ఎప్పుడు కాయను గడిలో భద్రంగా కూర్చోబెట్టాలి, ఎప్పుడు తెగించి ఎదుటివాడి కాయను చంపాలి అన్నది మా బామ్మ ఎనభై ఏళ్లు వచ్చినా ఆలోచిస్తూనే ఉండేది. వామనగుంటల్లో అయితే గింజలు లెక్కపెట్టడం రానివాడు నిలవలేడు. ఈ ఆటలకు ఇంకో గుణం ఉంది. అవి అయిపోతాయి. కాయలన్నీ పండితే లేచి అన్నానికి వెళ్లవచ్చు.

ఫోనుల్లో వచ్చినవన్నీ చెత్త అనడం కూడా న్యాయం కాదు. 1997లో నోకియా 6110లో పాము ఆట వచ్చింది. తెలుపు నలుపు తెర, నాలుగు మీటలు, ఒక పాము. ఓడితే మన తొందరపాటు వల్లే ఓడతాం, మధ్యలో ఎవడూ వచ్చి పాముకు తోక కొనుక్కోమనడు. 2013లో హనోయ్ నగరానికి చెందిన డాంగ్ న్గుయెన్ అనే యువకుడు ఫ్లాపీ బర్డ్ అని గొట్టాల మధ్య పిట్టను ఎగరేసే ఆట తయారుచేశాడు. అది ప్రపంచమంతా పాకాక, జనం దానికి బానిసలవుతున్నారని చెప్పి 2014 ఫిబ్రవరిలో తనే ఆపేశాడు. బాగా డబ్బు వస్తున్న దుకాణాన్ని స్వయంగా మూసిన మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు. ఆయన మూసిన వారం తిరక్కుండానే అలాంటివే నకళ్లు పుట్టుకొచ్చాయి, అది వేరే సంగతి.

ఇక క్యాండీ క్రష్. స్వీడన్‌లో పుట్టిన కింగ్ అనే కంపెనీ 2012లో తెచ్చింది. చేతిపని పరంగా అది నాసిరకం కాదు, మెరుగుపెట్టిన వస్తువే. అయిదు అవకాశాలు ఇస్తారు, అయిపోతే ఒక్కొక్కటి తిరిగి రావడానికి అరగంట ఆగాలి, ఆగలేకపోతే కొనాలి. మనిషి ఓపికను అరగంటల్లో కొలిచి అమ్మే ఈ ఏర్పాటు ఎంత లాభసాటిదంటే, 2016లో ఆ కంపెనీని యాక్టివిజన్ వాళ్లు దాదాపు 590 కోట్ల డాలర్లకు కొన్నారు. అది చూసి మిగిలినవాళ్లు కాపీ కొట్టింది మెరుగును కాదు, అరగంటను. ఒకే ముగ్గు పదివేల వాకిళ్లలో, రంగు మాత్రం మార్చి.

ఉచితమే కదా, నచ్చకపోతే తీసేస్తాం అంటారు కొందరు. ఉచితం అన్న పద్దు కనిపిస్తే ఆడిటరుకు ముందు అనుమానం వస్తుంది. వాళ్ల ఆదాయం మనం చూసే ప్రకటనల నుంచి, మనలో కొద్దిమంది పెట్టే డబ్బు నుంచి వస్తుంది. ఎక్కువమంది ఒక్క రూపాయి పెట్టరు, పెట్టే కొద్దిమంది మాత్రం చాలా పెడతారు. కనుక ఆటను సరదాగా చేయడం కన్నా, గెలుపు చేతికి అందినట్టే అంది జారిపోయేలా చేయడం వాళ్లకు లాభం. ఒక్క పలక తక్కువైందని ఓడిస్తారు. అయ్యో, ఒక్కటే కదా అనిపిస్తుంది. ఆ అయ్యో దగ్గరే ధర చీటీ వేలాడుతుంది.

ప్రకటనల్లో అబద్ధాలు మరో అధ్యాయం. ముసలాయన గదిలో నీళ్లు నిండుతుంటాయి, మేకు లాగి కాపాడాలి, చూపించేవాడు కావాలని తప్పు మేకు లాగుతాడు. "ఇంత తెలివితక్కువవాడా" అని మనం దిగుమతి చేసుకుంటాం. తీరా తెరిస్తే పండ్లు జతపరిచే ఆట! ఇది నా ఒక్కడి ఫిర్యాదు కాదు. హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ అనే ఆటల ప్రకటనలు అసలు ఆటను చూపడం లేదని, తప్పుదోవ పట్టిస్తున్నాయని బ్రిటన్‌లోని ప్రకటనల ప్రమాణాల సంస్థ 2020లో తేల్చి, వాటిని ఆ రూపంలో మళ్లీ వేయవద్దని చెప్పింది. మన వయసువాళ్లను పట్టేది ఇంకొకటి, జ్ఞాపకశక్తి ఆటలు. ఇవి ఆడితే మతిమరుపు రాదని ప్రచారం చేసినందుకు, ఆ మాటకు తగిన శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే, లూమోసిటీ తయారీదారులు 2016లో 20 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడ్డారు. మతిమరుపు భయంతో డబ్బు కట్టే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

మరి ఎవరూ చెప్పరా అంటే, మన ఊళ్లోనే ఒక విచిత్రం చూడండి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్యలోనో సుదర్శన్‌లోనో కొత్త సినిమా పడితే, మొదటి ఆట వదిలీ వదలకముందే బయట కెమెరాల ముందు జనం సినిమాను చీల్చి చెండాడతారు. రెండో సగం సాగదీశాడంటారు, పాటలు ఇరికించాడంటారు. రెండున్నర గంటల సినిమాకు అంత విమర్శ ఉంది. రెండేళ్లు ఆడే ఆటకు ఉన్నదల్లా అయిదు నక్షత్రాలు. అవీ ఎప్పుడు అడుగుతారు? మనం గెలిచి, బాణాసంచా పేలి, నవ్వుతున్న క్షణంలో అడుగుతారు. ఓడినప్పుడు అడగరు. 2021 జనవరి 26న దేశభక్తి పేరు మీద ఫౌ-జీ అనే సైనికుల ఆట వచ్చింది. ఎన్నో ఆశలు పెట్టుకున్నవాళ్లు ఆడి నిరాశపడ్డారు, కొద్దిరోజుల్లో నక్షత్రాలు పడిపోయాయి. అంతకు ముందు ఏడాది నిషేధించిన పబ్‌జీ అభిమానులు కసితో తగ్గించారన్న మాటా వినిపించింది. అటూ ఇటూ నక్షత్రాలను నమ్మడానికి లేదు.

ఇప్పుడు నవ్వులాట కాని సంగతి. మన సభ్యులొకరు అశోక్‌నగర్‌లో ఉంటారు. ఆయన ఫోనుకు పింఛను ఖాతా కలిపి ఉంది. పదేళ్ల మనవడు వేసవి సెలవులకు వచ్చి, తాతగారు అంకెలు నొక్కుతుండగా చూసి రహస్య సంఖ్య పట్టేశాడు. ఆటలో కత్తులకు, రంగు చొక్కాలకు చిన్న చిన్న మొత్తాలుగా కొంటూ పోయాడు. ఒక్కోటి వంద లోపే కనుక ఆయన కంటపడలేదు. నెలాఖరున పాస్‌బుక్కు వేయించుకుంటే మందుల డబ్బు లేదు. ఆయన పిల్లవాణ్ణి కొట్టలేదు, కొడుకుకూ చెప్పలేదు. ఆ నెల బి.పి. మాత్ర రోజు విడిచి రోజు వేసుకున్నారు. నాకు ఇది మూడు నెలల తర్వాత, ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నప్పుడు చెప్పారు. ఆయన అనుమతి తీసుకునే ఇక్కడ చెబుతున్నాను.

అదే అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు వేలమంది గదుల్లో ఉంటున్నారు. ఊళ్లో తండ్రి పంపిన డబ్బుతో రమ్మీ ఆడి, గది అద్దె ఎగ్గొట్టి వెళ్లినవాళ్ల సంగతి ఇళ్ల యజమానులైన మీలో కొందరికి తెలుసు. డబ్బు పందేల రమ్మీని తెలంగాణ 2017లోనే ఆర్డినెన్సుతో నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది, 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. డబ్బు ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అని అందులో ఉంది. ఆడినవాడికి శిక్ష లేదు, అది సబబే. అయితే మన మిత్రుడి మనవడు ఆడింది పందెం కాదు. కత్తి కొన్నాడు, కత్తి బొమ్మ వచ్చింది. ఆ చట్టం పట్టుకునే రకం కాదది. కాకపోతే తప్పుదోవ పట్టించే డిజైన్ల మీద వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. పదమూడు రకాలు పేర్కొంది. లేని తొందర పుట్టించడం, ప్రకటనను ప్రకటన అని తెలియకుండా వేషం వేయించడం అందులో ఉన్నాయి. ఫిర్యాదుకు 1915 నంబరు. తెలుగులో మాట్లాడవచ్చు.

మా ఆవిడ నా ఈ వాదాన్ని ఒప్పుకోదు. ఇది చెప్పకపోతే ఇంటికి వెళ్లాక నాకు కాఫీ ఉండదు. ఆవిడ రాత్రి పడుకోబోయే ముందు పలకల ఆట ఆడుతుంది. నేను నోటుబుక్కు చదివి వినిపిస్తే, "నాసిరకమని నాకూ తెలుసండీ. మంచి ఆటైతే ఆలోచించాలి. ఆలోచించకుండా ఉండటానికే నేనిది ఆడేది" అంది. పిల్లలు దూరాన ఉన్న ఇంట్లో రాత్రి పది తర్వాత ఆలోచనలు ఎటు పోతాయో మీకందరికీ తెలుసు. ఆ మాటకు నా దగ్గర జవాబు పూర్తిగా లేదు. ఒక్కటి మాత్రం అన్నాను, ఆ కాస్త విశ్రాంతినీ ప్రతి రెండు నిమిషాలకూ ఎవడో తలుపు తట్టి చెడగొడుతున్నాడు కదా అని. ఆవిడ ఆట అదే, కానీ ఇప్పుడు నెట్టు ఆపి ఆడుతోంది.

నారాయణగూడలో మనకు తెలిసిన ఒక అమ్మగారు, భర్త పోయాక ఒంటరిగా ఉంటారు, తెల్లవారుజామున అయిదింటికి లేచి డాలస్‌లో ఉన్న కూతురితో లూడో ఆడతారు. 2016లో ముంబైలో తయారైన లూడో కింగ్. 2020 లాక్‌డౌన్‌లో దేశమంతా ఆడింది అదే. మన పచ్చీసునే ఇంగ్లండువాళ్లు 1896లో లూడోగా పేటెంటు తీసుకుంటే, అది ఫోనులో దూరి మళ్లీ మనింటికి వచ్చింది. బొమ్మలు అంతంతమాత్రం, పాచిక దొర్లే శబ్దం చిరాకు. అయినా ఆ అమ్మగారిని ఆపమని నేను చచ్చినా చెప్పను. ఎదుట కూతురుంది.

సమయం అయిపోవచ్చింది, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. పనికొచ్చేవి నాలుగు చెప్పి ఆపుతాను. ఆటలాడే ఫోను, పింఛను ఖాతా ఉన్న ఫోను వేరు వేరుగా ఉంచుకోండి, పాత ఫోను ఒకటి ప్రతి ఇంట్లో ఉంటుంది. ఒకటే ఉంటే, ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ రహస్య సంఖ్య అడిగేలా పెట్టించుకోండి, ఆ సంఖ్య పుట్టిన సంవత్సరం కాకుండా చూసుకోండి. పొరపాటున డబ్బు పోతే 48 గంటల్లోపు ప్లే స్టోర్‌లోనే వాపసు అడగవచ్చు. కనుక పాస్‌బుక్కు కోసం నెలాఖరు దాకా ఆగకండి. ఒంటరిగా ఆడే ఆటల్లో చాలావాటికి నెట్టు అక్కర్లేదు, ఆపేస్తే ప్రకటనలు చాలావరకు రావు. చదరంగం మీద ఇష్టమున్నవాళ్లకు లీచెస్ అని ఒకటుంది, విరాళాల మీద నడుస్తుంది, ప్రకటనలుండవు, డబ్బు అడగదు. మన కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ ర్యాపిడ్ ప్రపంచ విజేత అయింది, వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024లో 2800 రేటింగు దాటాడు. వాళ్లాడే ఆటే మనమూ ఆడవచ్చు, ఓడిపోతే కారణం మనమే.

మరొక మాట. సంఘం గదిలో శనివారం సాయంత్రాలు అష్టాచెమ్మా పటాలు రెండు, చదరంగం బల్లలు మూడు వేయడానికి కార్యవర్గం ఒప్పుకుంది. మనవళ్లను తీసుకురావచ్చు. పటాలు నేను గీసి తెస్తాను. గవ్వలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, నా దగ్గర ఉన్నవి మా బామ్మవి, బయటికి ఇవ్వను.

సెలవు.