అడవిపత్తి ఇచ్చిన ఆస్తి



సింగపూరులోని ఈ టాంపినీస్‌లో పత్తిచేను లేదు. అయినను, 1990లో స్థాపితమైన టెమాసెక్ పాలిటెక్నిక్ నెలకొన్న ఈ పట్టణమున, జీవశాస్త్రము నభ్యసించి నేడు పట్టములందుకొనుచున్న తెలుగుబిడ్డలగు మీతో పత్తిని గూర్చి మాటలాడ నెంచితిని. ఏలయన మీ పూర్వులలో పలువురు గుంటూరు, నంద్యాల సీమల నల్లరేగడిలో పత్తి తీసి బ్రదికినవారు, మీ చదువు ఆ చేనికి ఋణపడియున్నది.

పూవు విచ్చిన నాటి ఉదయమున, గింజ కానున్న అండము పైపొరను సూక్ష్మదర్శినితో చూచినచో, అక్కడి కణములలో ఇంచుమించు నాల్గవ వంతు బుడిపెలై పైకుబుకుట కనబడును. ఆ ఒక్కొక్క కణమే, విభజన నొందక, 20 దినముల పాటు సాగి సాగి అంగుళము పొడవు పోగై, పిదప లోగోడపై సెల్యులోజును పొరలు పొరలుగా నింపుకొని, కాయ పగిలిన నాడు దూదియై వెలువడును. రైతు తూకమువేయు దిగుబడిని శాసించు జన్యువు ఒక్కటి కాదు: చెట్టునకు కాయలెన్ని, కాయకు గింజలెన్ని, గింజకు పోగులెన్ని యనువానిని అనేక జన్యువులు తలకొంత నిర్ణయించుచుండగా, వానయు తెగులును ఆ నిర్ణయమును తారుమారు చేయుచుండును. పైగా, జిన్నింగులో దూది పాలు పెరిగినకొలది పోగు బలము తరుగుట వంగడములను రూపొందించువారిని తరతరములుగా వేధించిన చిక్కు.

నన్ను మిక్కిలి విస్మయపరచునది పత్తి వంశచరిత్ర. నేడు లోకమంతట సాగగుచున్న అమెరికా పత్తిలోని 52 క్రోమోజోములలో సగము మన దేశవాళి పత్తికి చుట్టమైన జాతినుండియు, సగము అమెరికా ఖండపు అడవిపత్తినుండియు సంక్రమించినవి. ఆ రెండును కలిసి పది, ఇరువది లక్షల యేండ్లయినది. అడవిపత్తి గింజపై వడకదగిన పోగే లేదు. అట్టి దానినుండి వచ్చిన సగమునందే దిగుబడిని, పోగు నాణ్యమును ప్రభావితము చేయు జన్యుస్థానములు పెక్కు కలవని 1998లో జన్యుశాస్త్రజ్ఞుడగు ఆండ్రూ పేటర్సన్ బృందము జన్యుపటములు గీచి చూపినది. నిష్ఫలమని త్రోసివేయదగిన విత్తనము లేదని నేను నమ్ముట కీ ఒక్క సాక్ష్యము చాలును. దిగుబడికిని నాణ్యమునకును గల వైరము సయితము తెగరానిది కాదు: 2011లో చైనాలోని చోంగ్‌చింగ్ శాస్త్రజ్ఞులు, ఆక్సిన్ అను వృద్ధికారకమును పుట్టించు జన్యువు అండపు పైపొరలో మాత్రమే, తగిన వేళయందే, పనిచేయునట్లు అమర్చి, దూదిని నూటికి 15 పాళ్లకు మించి పెంచి, పోగును సన్నపరచిరి.

శ్రీకాకుళము జిల్లా పొందూరులో స్త్రీలు నేటికిని దేశవాళి కొండపత్తిని వలుగచేప దవడయెముకతో ఏకి, నలుసు తొలగించి, 100 నంబరు సన్ననూలు వడకుదురు. ఆ పత్తి దిగుబడి స్వల్పమే. సంకరవిత్తనములును, 2002లో భారతదేశమున అనుమతి పొందిన బీటీ పత్తియు వ్యాపించిన పిదప అట్టి దేశవాళి రకములు చాలవరకు చేలనుండి వైదొలగినవి. మీలో ఎవరు ఏ దేశపు ప్రయోగశాలకు పోయినను, ఆ గింజలను దాచుటకును, వాని గుణములను శోధించుటకును మీ విద్యలో కొంత భాగము కేటాయింపుడని వేడుచున్నాను.