సెలవుల్లో రంగుల బడి
(సంఘం వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



వేసవి సెలవుల్లో మన బందరు పిల్లలకు నడిపిన బొమ్మల తరగతి గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు ఆదేశించారు. ఖర్చు లెక్క కోశాధికారిగారు మీ ముందు పెడతారు. ఆ ఖర్చుతో గదిలో ఏం జరిగిందో చెప్పవలసింది మేము. మేమంటే ముగ్గురు టీచర్లం, మాకు తోడుగా ఉద్యోగ విరమణ చేసిన ఒక డ్రాయింగ్ మాస్టారు.

ఈ తరగతి మొదలుపెట్టే ముందే ఒక దాత మమ్మల్ని సూటిగా అడిగారు. "ఫీజులు కట్టలేని పిల్లలున్నారు, మందులకు డబ్బుల్లేని ముసలివాళ్ళున్నారు, మీరేమో రంగులు కొనమంటున్నారు. ఇది న్యాయమేనా?" అని. అడగవలసిన ప్రశ్నే. ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాం: ఈ తరగతికి జకాత్ సొమ్ము ఒక్క రూపాయి వాడలేదు. సాధారణ విరాళాల నుంచే తీశాం. ఫీజుల నిధిని, మందుల నిధిని ముట్టుకోలేదు. ఇక న్యాయమా కాదా అన్నది మేము చెప్పేది విన్నాక మీరే తేల్చండి.

ఏప్రిల్ 24న బడి మూస్తే మళ్ళీ జూన్ 12న తెరుస్తారు. ఈ ఏడు వారాలూ మన పేటల్లో పిల్లలు ఏం చేస్తుంటారో మీకు తెలియనిది కాదు. మగపిల్లలు మెకానిక్ షెడ్డుకో, కొట్టుకో వెళతారు. ఆడపిల్లలు ఇంట్లోనే కూర్చుని రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్ళు అంటిస్తారు. బందరు నగ దేశమంతా పోతుంది, ఆ మెరుపులో మన పిల్లల వేళ్ళ పని కూడా ఉంది. ఇల్లు గడవాలి కాబట్టి తల్లిదండ్రులను తప్పు పట్టడానికి మాకు నోరు రాదు. కానీ జూన్‌లో పలకరిస్తే, మార్చిలో చకచకా రాసిన పిల్లే అక్షరం దగ్గర తడుముకుంటుంది. కొందరైతే అసలు తిరిగి రారు. చదువు పేరు చెప్పి సెలవుల్లో పిలిస్తే రాని పిల్లలు రంగుల పేరు చెబితే వస్తారు. మా ఆలోచన అక్కడినుంచే మొదలైంది.

వేళ ఉదయం 7 నుంచి 9 దాకా పెట్టాం. ఎండ ముదరకముందే ఇంటికి చేరవచ్చు, ఆ తర్వాత ఇంట్లో పనీ చేసుకోవచ్చు. "రెండు గంటలు పోతే ఎన్ని జోడీలు పోతాయో తెలుసా మాస్టారూ?" అని ఒకమ్మ అడిగింది. ఆమె లెక్క ఆమెది. వారం రోజులు పంపి చూడమన్నాం. పంపింది.

మొదటిరోజు ఏ సూచనా ఇవ్వకుండా, మీకు నచ్చింది గీయండి అన్నాం. అరగంట తర్వాత కాగితాలు తీసుకుంటే దాదాపు అన్నింటిలోనూ ఒకటే బొమ్మ. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కిందికి పారే ఏరు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు. మన బందరులో భూతద్దం పెట్టి వెతికినా ఒక్క కొండ కనపడదు! పిల్లలు కళ్ళతో చూసింది గీయడం లేదు, ఎవరో గీసిన బొమ్మను గుర్తు పెట్టుకుని గీస్తున్నారు. పరీక్షలో గైడు చూసి బట్టీపట్టిన జవాబు రాయడానికీ దీనికీ తేడా లేదు. మేము ముప్పై ఏళ్ళుగా తరగతిలో పోరాడుతున్నది ఈ అలవాటుతోనే. అందుకని ఆ నాలుగు వారాల పాటు కొండలు గీయకూడదని నియమం పెట్టాం. పిల్లలు నవ్వారు గానీ కొందరికి నిజంగానే చేయి ఆడలేదు.

మొదటి వారమంతా పెన్సిలే. ఒక వంకాయ, ఒక స్టీలు గ్లాసు, ఒక మామిడాకు బల్లమీద పెట్టి, కాగితం వైపు తక్కువ, వస్తువు వైపు ఎక్కువ చూడమన్నాం. గ్లాసు మూతి గుండ్రం అని అందరికీ తెలుసు కాబట్టి అందరూ గుండ్రంగానే గీశారు. కూర్చున్న చోటునుంచి చూస్తే అది కోడిగుడ్డును నొక్కినట్టు ఉంటుందని, నిలబడి చూస్తే ఇంకాస్త విచ్చుకుంటుందని వాళ్ళే లేచి, కూర్చుని, మళ్ళీ లేచి కనుక్కున్నారు. ఆ ఉదయం గదిలో ఉన్నంత సందడి మేము సైన్సు ప్రయోగశాలలో కూడా చూడలేదు.

ఇక్కడ కొందరు పెద్దలు అడిగిన మరో సంగతి చెప్పాలి. మనుషుల బొమ్మలు, జంతువుల బొమ్మలు వేయించవచ్చా అని. పండితుల్లో భిన్నాభిప్రాయాలున్న విషయం, తీర్పు చెప్పడం మా పని కాదు. ఆకులు, పండ్లు, చెట్లు, పడవలు, ఇళ్ళు, మీనార్లు, అల్లికలు, ఇవి చాలవా నాలుగు వారాలకు? చాలడం కాదు, మిగిలిపోయాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు కదలకుండా కూర్చునే వస్తువే మేలు కూడా. ఇంట్లో ఏం గీయాలన్నది వాళ్ళ తల్లిదండ్రులకే వదిలేశాం.

అల్లికల సంగతి వచ్చింది గనుక, లెక్కల టీచరు ఎంతో సంతోషించిన రోజు ఒకటుంది. వృత్తలేఖినితో ఒక వృత్తం గీసి, కొలత మార్చకుండా అంచుమీద ముల్లు పెట్టి గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరో అడుగులో మొదటి చోటికే వస్తాం. ఆ ఆరు చోట్లనుంచీ చాపాలు గీస్తే ఆరు రేకుల పువ్వు. గుర్తులను ఒకటి విడిచి ఒకటి కలిపితే రెండు త్రిభుజాలు, ఆరు కొనల నక్షత్రం. పాత మసీదుల జాలీల్లో, గోడల మీద మనం చూసే అల్లికల్లో ఎన్నో ఇలా వృత్తలేఖిని, స్కేలు రెండింటితోనే పుట్టాయి. "ఇది లెక్కల్లో ఉన్న ఆరు భుజాలదే కదా సార్" అని తొమ్మిదో తరగతి కుర్రాడు అన్నాడు. లెక్కల్లో తప్పడం మాత్రమే తెలిసినవాడు ఆ కుర్రాడు.

రెండో వారం నుంచి రంగులు. పన్నెండు బిళ్ళల డబ్బా కొన్నాం గానీ మూడు బిళ్ళలే వాడనిచ్చాం: పసుపు, ముదురు గులాబీ వైపు ఉండే ఎరుపు, నీలం. మిగతావన్నీ ఆ మూడింటిలోంచే పుట్టించాలి. పసుపులో చిటికెడు నీలం పడితే లేత చిగురు, ఇంకాస్త పడితే మామిడాకు, దానికి కొంచెం ఎరుపు తగిలితే ఎండిన ఆకు. నారింజవైపు ఉండే ఎరుపు తీసుకుని నీలంతో కలిపితే ఊదా రాదు, బురద వస్తుంది. అందుకే ఎరుపు ఎంపికలో అంత పట్టుదల. తెల్లరంగు బిళ్ళ ముట్టుకోవద్దన్నాం. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. వంకాయ మీద మెరుపు కావాలంటే ఆ చుక్క మేర కాగితాన్ని ముందే వదిలేయాలి, తర్వాత తెచ్చి పెట్టలేం. లేతవి ముందు, ముదురువి తర్వాత. తొందరపడేవాడికి నీటిరంగు లొంగదు. మొదటి పూత ఆరకుండా రెండోది వేస్తే రెండూ పోతాయి. ఆగడం నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం మా బోధనలో మాకు దొరకలేదు.

బందరు ఎండాకాలం మాకు వేరే పాఠాలు చెప్పింది. ఫ్యాను కింద ఆకాశం పూత వేస్తే సగం తడి, సగం పొడి అయి చారలు పడతాయి. పూత వేసే పది నిమిషాలూ ఫ్యాను ఆపేవాళ్ళం. ఆపితే చెమట చుక్క కాగితం మీద పడి, అక్కడ పువ్వు విచ్చుకున్నట్టు మచ్చ తేలేది. చివరికి ఒక పిల్ల నుదుటికి రుమాలు కట్టుకుని వచ్చింది, మర్నాడు అందరూ కట్టుకొచ్చారు. ఎగ్జామ్ ప్యాడ్‌కు కాగితం నాలుగువైపులా అంటించి, ప్యాడ్ పైఅంచు కింద అర ఇటుక పెడితే రంగు తనంతట తాను కిందికి దిగుతుంది. బ్రష్షుతో దాని వెంట నడవడమే. నీళ్ళకు రెండేసి గ్లాసులు, ఒకటి బ్రష్షు కడగడానికి, ఒకటి మంచినీళ్ళు. తుడుచుకోవడానికి పాత లుంగీ ముక్కలు.

మూడో వారం మంగినపూడి తీసుకెళ్ళాం. వెళ్ళేముందు సముద్రం ఏ రంగు అని అడిగితే ముక్తకంఠంతో నీలం అన్నారు. తీరా చూస్తే అక్కడి నేల నల్లమట్టి, ఒడ్డు దగ్గర నీళ్ళు టీ రంగు. "డబ్బాలో ఈ రంగు లేదు టీచర్" అని ఒక పిల్ల దిగులుపడింది. ఉన్న మూడూ కలిపి, చాలా నీళ్ళు పోసి, ఆ పిల్లే ఆ రంగు పట్టింది. గిలకలదిండి పడవలు గీసిన కాగితాలు కూడా బాగా వచ్చాయి, ఎక్కువమంది ఇష్టపడింది మాత్రం ఈ బురద సముద్రాన్నే.

మరో రోజు పెడన వెళ్ళి కలంకారీ అచ్చుల పని చూశాం. కలం, కారీ రెండూ పారసీ నుంచి వచ్చిన మాటలు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మన రేవునుంచి ఈ బట్టలు ఇరాను దాకా పోయాయి. ఇప్పుడు మన వైపు కలంతో కాక చెక్క అచ్చులతో అద్దుతారు. బెల్లంలో తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన నీళ్ళు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్లగా తేలడం, పటిక అద్దిన చోటే మరిగే రంగులో ఎరుపెక్కడం పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. పూలతీగల అచ్చు చెక్కే పనివాడు కూడా ముందు పెన్సిలుతో కాగితం మీదే గీసుకోవడం చూసి, ఒక కుర్రాడు మా వైపు తిరిగి తలూపాడు. ఎవరూ చెప్పకుండానే వాడికి ఏదో అర్థమైంది.

ఈ ఊరికి నీటిరంగులు కొత్త కాదు. 1910లో ఇక్కడ పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యుడు ప్రమోదకుమార్ ఛటర్జీ చిత్రకళ నేర్పారు. 'నారాయణరావు' నవల రాసిన అడివి బాపిరాజు ఆయన దగ్గరే బొమ్మలు నేర్చుకున్నారు. పిల్లలకు ఇది చెబితే "మన బందరులోనా?" అని రెండుసార్లు అడిగారు.

ఇక చెప్పక తప్పని రెండు సంగతులు. ఇద్దరి పేర్లూ చెప్పం.

ఒక పిల్లవాడు కాగితం మీద ముక్కు ఆనించి గీసేవాడు. బడిలో వాడికి మొద్దు అని పేరు. బల్లమీద వస్తువును చూసి గీయమంటే పక్కవాడి కాగితం చూసి గీసేవాడు. మొదట కాపీ అనుకోబోయి, డ్రాయింగ్ మాస్టారు వాణ్ణి వస్తువు దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. అక్కడ చక్కగా గీశాడు. కళ్ళు పరీక్ష చేయిస్తే దూరపుచూపు బాగా తక్కువని తేలింది. ఇన్నేళ్ళూ వాడికి నల్లబల్ల కనిపించనే లేదు. అద్దాలకు డబ్బు సంఘమే ఇచ్చింది. మొదటిసారి పెట్టుకుని బయటికి వచ్చి వేపచెట్టు వైపు చూసి, "పైన కూడా ఆకులు విడివిడిగానే ఉన్నాయి" అన్నాడు.

రెండో సంగతి ఆ జోడీల లెక్క చెప్పిన తల్లిగారి కూతురు. పదో తరగతికి వచ్చింది. రాళ్ళు అంటించే చేయి కదా, సన్న బ్రష్షు ఆ పిల్ల చేతిలో వణకదు. జాలీ అల్లికలో చిన్న గళ్ళు గీత దాటకుండా నింపడంలో మాలో ఎవరమూ ఆమెకు సాటి రాం. జూన్‌లో చదువు మాన్పించాలని ఇంట్లో అనుకున్నారు. ఆ అల్లికల కాగితం పట్టుకుని మేము వాళ్ళింటికి వెళ్ళాం. ప్రభుత్వం జరిపే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు ఉన్నాయని, అవి, టెక్నికల్ టీచర్ శిక్షణ పూర్తిచేస్తే డ్రాయింగ్ టీచరు ఉద్యోగానికి పోటీపడవచ్చని, ఆ ఉద్యోగానికి ముందు పదో తరగతి కావాలని చెప్పాం. వాళ్ళ దాదీ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "ఇది మా పిల్ల వేసిందా?" అని అడిగింది. పిల్ల ఇప్పుడు బడికి వస్తోంది. పరీక్ష ఫీజు కట్టాలి, మార్చి దాకా మానకుండా చూసుకోవాలి. పని ఇంకా పూర్తికాలేదు.

దాతలకు మా విన్నపం చిన్నది. ఒక్కో పిల్లవాడికి రంగుల డబ్బా, 2, 6, 10 నంబర్ల గుండ్రటి బ్రష్షులు, కాగితాలు కలిపి 350 రూపాయల దాకా అయింది. కాగితంలో మాత్రం పొదుపు చేయవద్దు. నోటుపుస్తకం కాగితం తడికి ముడుచుకుపోతుంది, 200 జీఎస్ఎం తగ్గకూడదు. బ్రష్షులు జాగ్రత్తగా కడిగి, వెంట్రుకలు పైకి ఉండేలా డబ్బాల్లో నిలబెట్టాం, వచ్చే ఏడు అవే పనికొస్తాయి. రంగులూ కాగితాలూ కొత్తవి కావాలి. వెలుతురు బాగా వచ్చే ఒక గది ఎవరైనా నాలుగు వారాలు ఇవ్వగలిగితే ఇంకో జట్టును కూడా తీసుకోవచ్చు, పోయినసారి చోటు లేక కొందరిని వెనక్కి పంపాం.

పిల్లల బొమ్మలు బయట వరండాలో తాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీశాం. భోజనాలయ్యాక చూడండి. ఎడమవైపు మొదటివి కొండలు, సూర్యుడు. కుడిచివర మంగినపూడి.