చివరిదాకా ఉంచుకునే చోటు



ఇంజినీర్ల స్నాతకోత్సవానికి పశువైద్యుణ్ని ఎందుకు పిలిచారని మీలో కొందరు ఇప్పటికే గుసగుసలాడుకుంటున్నారు. పిలవడానికి వచ్చినవాళ్లతో ఒకటే అన్నాను. నా దగ్గర విజయగాథలు లేవు, కట్టాల్సిన ఒక చోటు గురించిన ఆలోచన ఉంది, దానికి ఇంజినీర్లు కావాలి అని. సరేనన్నారు. ఇక మీరు వినక తప్పదు.

హైదరాబాద్‌లోని మన జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఏ షెడ్డు ముందు చూసినా ఒకటో రెండో కుక్కలుంటాయి. వాచ్‌మన్ పెట్టే అన్నం, షిఫ్టు దిగేవాళ్లు విసిరే బిస్కెట్లే వాటికి ఆధారం. ఫ్యాక్టరీ మూతపడితే మిషన్లు వేలానికి పోతాయి, మనుషులు ఇంకో గేటు చూసుకుంటారు, కుక్క మాత్రం ఆ గేటు దగ్గరే ముసలిదవుతుంది. కూకట్‌పల్లి దాటి హైటెక్ సిటీ వైపు వెళితే అక్కడి కుక్కలు వేరు: ల్యాబ్రడార్లు, హస్కీలు. వాటిని వదిలించుకోవడానికి వచ్చేవాళ్లు చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చు. "ఆన్‌సైట్ వచ్చింది డాక్టరుగారూ." "ఇంటి ఓనరు ఒప్పుకోవట్లేదండీ." "పాప పుట్టింది, మా అత్తగారు భయపడుతున్నారు." కుక్కపిల్లయితే పొద్దున ఫొటో పెడితే సాయంత్రానికి ఇల్లు దొరుకుతుంది. తొమ్మిదేళ్లు నిండి, కీళ్లు పట్టేసి, కంట్లో పొర కమ్మినదాన్ని ఎవరు తీసుకెళ్తారు?

చట్టం లేదా అంటే ఉంది. తిండీ నీళ్లూ లేక బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. ఆ యాభైకి ఇవాళ ఇక్కణ్నుంచి హైటెక్ సిటీకి ఆటో కూడా రాదు.

ఇల్లు దొరకని మరో రకం ఉంది, కరిచే కుక్కలు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ తర్వాత ఈ నగరంలో తల్లులకు పుట్టిన భయాన్ని జంతుప్రేమ పేరుతో ఎవరూ తేలిగ్గా తీసిపారేయకూడదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల గురించి చెబుతూ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేశాక వాటిని పట్టుకున్న చోటే వదలాలంది, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప. రేబిస్ వచ్చిన కుక్క ఎలాగూ రోజుల్లో పోతుంది. కరిచే కుక్క ఇంకో పదేళ్లు బతకొచ్చు. ఆ పదేళ్లూ ఎక్కడ? మన చర్చలన్నీ ఆ "తప్ప" దగ్గరే ఆగిపోతున్నాయి.

పేరున్న జంతువుకు వార్ధక్యం బాగానే గడుస్తుంది. బోనాలకూ మొహర్రానికీ నగరమంతా చూస్తుండగా నడిచిన రాణి అనే ఏనుగు మన జూలోనే 83 ఏళ్లు నిండి 2021లో కన్నుమూసింది. పేరు లేనివాటి కోసం మన తెలుగునేల మీదే ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. అది చాలామందికి గుర్తు లేదు.

1998లో కేంద్రం సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలాడించడాన్ని నిషేధించింది. సర్కస్ కంపెనీలు కోర్టుకెక్కాయి. 2000లో కేరళ హైకోర్టు, 2001లో సుప్రీంకోర్టు నిషేధాన్ని నిలబెట్టాయి. తీర్పు బాగుంది సరే, బోనుల్లో ఉన్న సింహాల మాటేమిటి? అవి చాలావరకు ఆసియా, ఆఫ్రికా జాతులను కలిపి పుట్టించిన సంకరాలు. గిర్ అడవిలో వదిలితే అక్కడి జాతి కలుషితమవుతుంది. పైగా వేట తెలియదు. సంతానోత్పత్తికి పనికిరావు, జూలకు అక్కర్లేదు. అప్పుడు కేంద్ర జూ ప్రాధికార సంస్థ దేశంలో కొన్ని పునరావాస కేంద్రాలు పెట్టించింది. వాటిలో రెండు మనవే, ఒకటి విశాఖపట్నంలో, ఒకటి తిరుపతిలో.

ఆ కేంద్రాల నియమాలు నాకు చాలా ఇష్టం. సందర్శకులు ఉండరు. పిల్లల్ని పుట్టించరు. ఉన్న జంతువుకు చివరిరోజు దాకా మాంసం, మందు, నీడ. ఏటేటా సంఖ్య తగ్గుతూ పోవాలి, ఆఖరిది పోయిన రోజున ఆ పని పూర్తయినట్టు. ఏ కంపెనీ ప్రెజెంటేషన్‌లోనైనా ఇలాంటి గ్రాఫు చూశారా? కిందికి దిగుతూ సున్నాను తాకితే చప్పట్లు కొట్టే గ్రాఫు? అమెరికాలోని టెనెసీలో 1995లో మొదలైన ఏనుగుల ఆశ్రయానిదీ ఇదే తీరు. సర్కసుల నుంచి వచ్చిన ఏనుగులను చూడ్డానికి టికెట్లు అమ్మరు. జీవితమంతా జనం ముందు నిలబడ్డ జంతువుకు జనం కనబడకపోవడమే సుఖం.

ఇప్పుడు ఇల్లు దొరకని కుక్కల కోసం నా ఊహలోని జీడిమెట్ల ఆశ్రయానికి వద్దాం. ముందు డబ్బు. మీరు లెక్కల మనుషులు కాబట్టి దాచను. ముసలి కుక్కకు తిండి, మందులు, జీతాల్లో వాటా కలిపి రోజుకు 150 రూపాయలనుకుందాం. నాలుగేళ్లు బతికితే 2,19,000. నలభై గదులు కట్టి నలభై ముసలి కుక్కల్ని పెడితే 87,60,000. ప్రేమతో మొదలైన ఆశ్రయాలు చితికిపోయేది ఇక్కడే. మొదటి ఏడాది ఇరవై, రెండో ఏడాది డెబ్బై, మూడో ఏడాదికి కిక్కిరిసిన గదుల్లో పార్వో, డిస్టెంపర్ లాంటి అంటురోగాలు. అందుకే నా మొదటి షరతు: ఒక కుక్కకు కావాల్సిన డబ్బు, ముసలిదైతే నాలుగేళ్లది, కరిచేదైతే పదేళ్లది, బ్యాంకులో పడ్డాకే దానికి గది.

కట్టడం సంగతి. మూతపడ్డ షెడ్డు ఒకటి చాలు, రసాయనాల కంపెనీల పక్కన కాకుండా ఉంటే. రేకుల కప్పు కింద ఏప్రిల్‌లో కుక్క ఉడికిపోతుంది, కాబట్టి వేడిని ఆపే పొర ముఖ్యం. నేలకు నున్నటి టైల్సు వద్దు, ముసలి కుక్క కాళ్లు జారి విడిపోయి లేవలేదు. గరుకు సిమెంటు, పైన రబ్బరు మ్యాట్లు. మెట్ల బదులు వాలు దారులు. కొత్తగా వచ్చినవాటికి దూరంగా వేరే గది. కరిచే కుక్కకు రెండు అరలు, మధ్యలో బయటినుంచి తాడుతో లేపే తలుపు. ఊడ్చే మనిషీ కుక్కా ఒకే అరలో ఎప్పుడూ ఉండకూడదు. ఆ ఊడ్చే మనిషికి ముందే రేబిస్ టీకాలు, నెలనెలా సరైన జీతం, పీఎఫ్. కుక్క తిండి మానేసిన సంగతి డాక్టరుకన్నా ముందు తెలిసేది ఆ మనిషికే. వెనక కాళ్లు పడిపోయినవాటికి చక్రాల బండి విదేశాల నుంచి తెప్పించాలంటారు. అల్యూమినియం పైపు వంచి వెల్డింగ్ చేసే షాపులు ఈ రోడ్డు మీద ఎన్ని లేవు!

నలభై గదులే అయితే మిగతావి ఎక్కడికి? టెనెసీలోనే ముసలి కుక్కల కోసం ఇంకో ఆశ్రయం ఉంది. వాళ్లు చాలా కుక్కల్ని ఇళ్లలోనే పెట్టి, బతికినంతకాలం వైద్యం ఖర్చు తామే భరిస్తారు. ముసలి కుక్కను తీసుకోవడానికి జనం వెనకాడేది ప్రేమ లేక కాదు, కిడ్నీ జబ్బు బిల్లు చూసి. ఆ బిల్లు భారం తీసేస్తే మియాపూర్‌లో రిటైరైన దంపతులు, నిజాంపేటలో ఒంటరిగా ఉండే పెద్దావిడ ముందుకొస్తారని నా నమ్మకం. మరి ఆ బిల్లులు ఎవరు కడతారంటే, ఈ వాడనే చూడండి. ఇక్కడి చిన్న ఫ్యాక్టరీలు ఎవరికి వారు మురుగునీటి శుద్ధి పెట్టుకోలేక 1980ల చివర్లో అందరూ కలిసి ఒక ఉమ్మడి ప్లాంటుకు డబ్బు కట్టడం మొదలుపెట్టారు. వాసన పోయిందా అని అడగకండి, అది ఇంకో ప్రసంగం. కానీ ఒక్కరు మోయలేని ఖర్చును ఎవరి వాటా వారు కట్టి పంచుకోవడం ఈ నేలకు కొత్త కాదు.

ఒక కష్టమైన మాట. నా ఆశ్రయంలో కారుణ్య మరణం ఉంటుంది. నయంకాని జబ్బుతో నొప్పి తగ్గే దారి లేనప్పుడు, ఒక్కరి మాట మీద కాకుండా, డాక్టర్లు కలిసి తేల్చాక, ఆ కుక్కను రోజూ చూసుకున్న మనిషి పక్కన ఉండగా. ఇక్కడ ఏ ప్రాణినీ చంపం అని గేటు మీద బోర్డు రాసుకున్న చోట్ల నెలల తరబడి మూలుగుతూ పడి ఉన్నవాటిని చూశాను. ఆ బోర్డు రాసింది దాతల కోసం. జాగా నిండిందని సూది వేయడం మాత్రం హత్యే, అందులో నాకు రెండో మాట లేదు.

ఎన్ని నియమాలు రాసినా, వర్షం పడుతున్న రాత్రి గేటుకు ముసలి కుక్కను కట్టేసి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. దాని పేరున బ్యాంకులో డబ్బు ఉండదు. అందుకని నలభైలో నాలుగు గదులు ఎప్పుడూ ఖాళీగా ఉంచమంటాను. చూడ్డానికి వచ్చిన దాత ఇవెందుకు ఖాళీ, ఇంకో నాలుగింటిని తెచ్చుకోవచ్చు కదా అంటాడు, కమిటీ సభ్యులు తలూపుతారు. అప్పుడు కుదరదని చెప్పగలిగే మేనేజరు కావాలి. ఆ ఉద్యోగానికీ, తలుపుల డిజైనుకూ, ఖర్చుల లెక్క నడిపే సాఫ్ట్‌వేరుకూ మీలో ఎవరైనా ముందుకొస్తే భోజనాల దగ్గర నన్ను కలవండి.